గుండె జబ్బుల విభాగంలో క్లినికల్ ఫార్మసిస్టుగా స్థిరపడాలంటే: ఫార్మ్‌డి ఐదో ఏడు విద్యార్థినికి నా సమాధానం

ఇదే సందేహం ఉన్న మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు పల్నాడు జిల్లాలో ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు ఫార్మ్‌డిలో ఐదో ఏడు చదువుతున్నారు. వార్డు పోస్టింగ్‌లో కార్డియాలజీ చూశాక అక్కడే ఉండిపోవాలనిపించింది. మీ సీనియర్లలో ఎక్కువమంది మాత్రం హైదరాబాద్ వెళ్ళి ఫార్మకోవిజిలెన్స్‌లోనో (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే పని) మెడికల్ కోడింగ్‌లోనో (జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని) చేరిపోయారు. ఇంట్లోవాళ్ళు "ఆరేళ్ళు చదివింది ఆసుపత్రిలో పదిహేను వేల జీతానికా?" అంటున్నారు. గుండె జబ్బుల్లో మాత్రమే పనిచేసే క్లినికల్ ఫార్మసిస్టు (వార్డులో రోగుల మందులు సరిచూసే ఫార్మసిస్టు) ఉద్యోగం అసలు మన దగ్గర ఉందా, ఉంటే ఎలా తయారవాలి, ఏ సర్టిఫికెట్ చెయ్యాలి అని అడిగారు. రౌండ్స్‌లో కార్డియాలజిస్టు ముందు నోరు పెగలడం లేదని చివర్లో ఒక వాక్యం రాశారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ వాక్యమే. దానికి తర్వాత వస్తాను.

నేను వరంగల్‌లో ఫార్మ్‌డి తొలి బ్యాచుల్లో చదివాను. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో ఈ కోర్సు మొదలుపెట్టినప్పుడు, చదువు అయ్యాక మేం ఏమవుతామో మా లెక్చరర్లకే సరిగ్గా తెలియదు. ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో కేస్ షీట్ పట్టుకుని నిలబడితే "మీరెవరు, మెడికల్ స్టూడెంట్సా, నర్సింగా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక గుండె ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నాకు తెలిసిందంతా ఆ పనిలో నేర్చుకున్నదే.

ముందు సూటి జవాబు. "కార్డియాలజీ క్లినికల్ ఫార్మసిస్టు కావలెను" అనే ప్రకటన మీకు దాదాపు కనపడదు. ఆసుపత్రులు క్లినికల్ ఫార్మసిస్టును తీసుకునేది చాలావరకు ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం. చీటీలో మందు పేరు స్పష్టంగా ఉందా, అలర్జీ రాశారా, ప్రమాదకరమైన మందుల్ని ఇద్దరు చూసి ఇస్తున్నారా, ఇలాంటివి రోజూ తనిఖీ చేసి ఫారాలు నింపడమే మీ మొదటి ఉద్యోగం. చాలామంది ఏడాది తిరక్కుండానే విసిగిపోయి మానేస్తారు. వాళ్ళని తప్పుపట్టను. కానీ గుండె విభాగంలో నిలబడిన ఫార్మసిస్టులు నాకు తెలిసినంతలో అందరూ ఈ తనిఖీ ఉద్యోగంలో చేరినవాళ్ళే. ఆసుపత్రిలో ఎవరూ పూర్తిగా పట్టించుకోని ఒక పనిని ఎంచుకుని, అడిగినా అడగకపోయినా రోజూ చేశారు. కొన్నాళ్ళకి డాక్టరే "ఆ సంగతి ఫార్మసిస్టుని అడగండి" అనే స్థితి వచ్చింది. పోస్టు ముందుగా ఉండదు, పని పుట్టాక పోస్టు వస్తుంది.

నాకు అలా దొరికిన పని అసిట్రాం, అంటే రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్ళని చూసుకోవడం.

మన రెండు రాష్ట్రాల్లో రుమాటిక్ గుండె జబ్బు ఇంకా పోలేదు. చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ళ వాపుతో మొదలై, ఇరవై ముప్పై ఏళ్ళు వచ్చేసరికి మైట్రల్ వాల్వ్ బిగుసుకుపోతుంది. ఆయాసంతో వస్తారు, లోహపు వాల్వ్ వేస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలి పని చేసుకునేవాళ్ళకీ ఆ ఆపరేషన్ అందింది. ఆపరేషన్ ఒక్కరోజులో అయిపోతుంది, రక్తం పలచబడే మాత్ర మాత్రం జీవితాంతం. మైట్రల్ లోహపు వాల్వ్‌కి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచాలి. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, పక్షవాతం రావచ్చు. బాగా పెరిగితే మెదడులోనో కడుపులోనో రక్తం పోతుంది.

"కొత్త మందులొచ్చాయి కదా, ఇంకా ఈ పాత మాత్రెందుకు?" అని మీ జూనియర్లు మిమ్మల్ని అడుగుతారు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్ళలో దబిగాట్రాన్ అనే కొత్త మందుని పరీక్షించిన రీ-అలైన్ అధ్యయనాన్ని గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. రుమాటిక్ వాల్వ్ జబ్బుతో పాటు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉన్నవాళ్ళలో రివరోక్సబాన్ అనే ఇంకో కొత్త మందుని పోల్చి చూసిన ఇన్విక్టస్ అధ్యయనంలోనూ పాత మందు తీసుకున్నవాళ్ళే ఎక్కువ కాలం బతికారు. అది 2022 నాటిది. మన రోగులకు ఇంకా చాలా ఏళ్ళు అసిట్రాం, దాని జాతి మందే అయిన వార్ఫరిన్ తెలిసిన మనిషి అవసరం ఉంటుంది.

మా ఓపీలో కార్డియాలజిస్టుకి ఒక్కో రోగికి నాలుగైదు నిమిషాలు దొరికేవి. ఐఎన్ఆర్ చూసి మోతాదు మార్చి పంపేవారు. ఎందుకు తగ్గింది, ఎందుకు పెరిగింది అని అడిగే తీరిక ఉండేది కాదు. నేను బయట బల్ల దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టాను. ఒకాయన ఐఎన్ఆర్ 7 దాటి వచ్చాడు, చిగుళ్ళ నుంచి రక్తం. మాత్ర సరిగ్గానే వేసుకుంటున్నానంటాడు. పావుగంట మాట్లాడాక తెలిసింది: నాలుగు రోజుల క్రితం విరేచనాలయితే ఊళ్ళో ఆర్ఎంపీ మెట్రోనిడజోల్ ఇచ్చాడు, నడుం నొప్పికి డైక్లోఫెనాక్ సూది తుంటి మీద వేశాడు. మెట్రోనిడజోల్ అసిట్రాంని ఒంట్లో విచ్ఛిన్నం కాకుండా ఆపి రక్తాన్ని ఇంకా పలచబరుస్తుంది. డైక్లోఫెనాక్ కడుపులో పుండు చేస్తుంది. పైగా సూది వేసినచోట కండలో అరచేయంత రక్తం గడ్డకట్టి నల్లగా ఉంది. మూడూ ఒకే రోగిలో. ఆ రోజు నుంచి వాల్వ్ వేసిన ప్రతి మనిషికీ ఒక కార్డు రాసిస్తున్నాను: "నాకు వాల్వ్ మార్చారు, రక్తం పలచబడే మందు వాడుతున్నాను, కండకు సూది వెయ్యొద్దు, కొత్త మందు ఇచ్చేముందు ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." చాలామంది ఆర్ఎంపీలు నిజంగానే ఫోన్ చేస్తారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, రోగికి అర్ధరాత్రి దగ్గరగా ఉండేది వాళ్ళే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట్లో పుస్తకంలో చదివింది చదివినట్టు "ఆకుకూరలు తినకండి" అని చెప్పేవాణ్ణి. ఒక పెద్దావిడ నా మాట విని తోటకూర, పాలకూర, మునగాకు అన్నీ పూర్తిగా మానేసింది. ఐఎన్ఆర్ పెరిగింది, మోతాదు తగ్గించాం. తర్వాత రక్తం తక్కువుందని ఇంకో డాక్టరు ఆకుకూరలు బాగా తినమన్నారు. ఆవిడ రోజూ రెండు పూటలా తినడం మొదలుపెట్టింది. నెల తర్వాత ఐఎన్ఆర్ 1.4. లోహపు వాల్వ్ ఉన్న మనిషికి అది నిప్పుతో చెలగాటం. రక్తం పలచబడే హెపారిన్ పెట్టి, ఎకో తీసి చూస్తే అదృష్టవశాత్తూ గడ్డ లేదు. ఆవిడ చేసిన తప్పేమీ లేదు, తప్పు చెప్పింది నేను. ఇప్పుడు ఎవరినీ మానమనను. "వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే తినండి. గోంగూర రోజుల్లో ఎక్కువ తింటే ఆ వారం పరీక్ష చేయించుకోండి" అంటాను. మనింట్లో పప్పూ ఆకుకూరా లేకుండా అన్నం ఎలా సాగుతుంది? సాగని సలహా ఇస్తే రోగి మనకి అబద్ధం చెప్పడం మొదలుపెడతాడు.

మీరు అమ్మాయి కాబట్టి ఇంకో విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను. వాల్వ్ వేసినవాళ్ళలో పెళ్ళీడు ఆడపిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు చాలామంది ఉంటారు. అసిట్రాం, వార్ఫరిన్ రెండూ గర్భం ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య బిడ్డ ముక్కు, ఎముకలు సరిగ్గా ఏర్పడనివ్వవు. అలాగని భయపడి మాత్ర మానేస్తే తల్లి వాల్వ్ మీద గడ్డ కడుతుంది. ఏ వారంలో ఏ మందు అన్నది కార్డియాలజిస్టూ గైనకాలజిస్టూ కలిసి తేల్చాలి. కానీ "నెల తప్పితే వెంటనే రావాలి, సొంతంగా మాత్ర మానకూడదు" అన్న మాట పెళ్ళికి ముందే ఆ అమ్మాయి చెవిన పడాలి. నేను అడిగితే తలొంచుకుని కూర్చునేవాళ్ళు మా ఫార్మసిస్టు అమ్మాయితో అరగంట మాట్లాడారు. మీరు ఈ ఒక్క పని పట్టుకున్నా మీ ఆసుపత్రిలో మీకంటూ చోటు ఏర్పడుతుంది.

ఐఎన్ఆర్ క్లినిక్ మాత్రమే దారి అనుకోకండి. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఇంకా పెద్ద ఖాళీ ఉంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వాలని అందరికీ తెలుసు: సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది, బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ లాంటిది, డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో ముగిశాక ధర బాగా తగ్గింది, పేదవాళ్ళూ కొనగలుగుతున్నారు. చిక్కంతా తర్వాత వస్తుంది. డిశ్చార్జ్ రోజు చిన్న మోతాదులో మొదలుపెట్టిన మాత్ర ఏడాది తర్వాత కూడా అదే మోతాదులో ఉంటుంది. పెంచేవాళ్ళుండరు. డిశ్చార్జ్ అయ్యాక రెండు వారాల్లోనే పూర్తి మోతాదుకి తీసుకెళ్ళి, తొలి వారాల్లో తరచూ రోగిని పిలిచి చూస్తే ఆర్నెల్లలో చావులూ మళ్ళీ ఆసుపత్రిలో చేరడాలూ తగ్గాయని 2022లో స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనం చూపించింది. మామూలు చికిత్సలో 23.3 శాతం, ఇలా చేస్తే 15.2 శాతం. వారం వారం పిలిచి బీపీ, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పని చెప్పే పరీక్ష) చూసి "సార్, ఈవిడకి ఇప్పుడు పెంచొచ్చు" అని డాక్టరుకి చెప్పే మనిషి కావాలి. ఆ పని మనకు సరిగ్గా సరిపోతుంది.

ఈ పనిలో పుస్తకం కన్నా మన వంటిల్లు ఎక్కువ తెలియాలి. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ రెండూ వాడుతున్న పెద్దాయన ఎండాకాలం నీరసమని రోజూ రెండు కొబ్బరి బోండాలు తాగితే పొటాషియం ప్రమాదకరంగా 6 దాటవచ్చు. "ఉప్పు తగ్గించండి" అంటే ఇంట్లోవాళ్ళు తక్కువ సోడియం ఉప్పు కొంటారు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. కూరలో ఉప్పు తగ్గించి అన్నంలో ఆవకాయ కలుపుకుంటారు, తెల్లారేసరికి కాళ్ళు పొంగుతాయి. "నీరు పోయే మాత్ర వేసుకుంటే బస్సులో ఇబ్బంది" అని ప్రయాణం రోజున ఫ్యూరోసెమైడ్ మానేస్తారు. ఊరు చేరాక వేసుకోమని చెప్తే చాలు. ఇవి అడిగితేనే తెలుస్తాయి.

డిశ్చార్జ్ సమయంలో పట్టుకోవలసింది ఒకే మందు రెండు పేర్లతో పడటం. స్టెంట్ వేయించుకున్నాయన ఇంటికెళ్ళాక పాత బీపీ మాత్ర కూడా కొనసాగించాడు. రెండిట్లోనూ గుండె వేగం తగ్గించే మెటోప్రొలాలే. గుండె నిమిషానికి 44 సార్లు కొట్టుకుంటూ, కళ్ళు తిరిగి పడిపోయి వచ్చాడు. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల సంచీని బల్ల మీద బోర్లించి, ఒక్కో షీటూ చూపిస్తూ "ఇది వేసుకోవాలి, ఇది ఇక వద్దు" అని చెప్పి, వద్దన్నది కత్తిరించి పక్కన పడెయ్యడం నేను ఇప్పటికీ స్వయంగా చేస్తాను. స్టెంట్ వేసినవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి: పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, ఎవరు చెప్పినా, కార్డియాలజిస్టుని అడక్కుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపకూడదు. ఎసిడిటీకి ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ రాయించాలి, ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది.

ఇక సీసీయూ, అంటే గుండె రోగుల ఐసీయూ. అక్కడ మాటలకన్నా లెక్కలు ముఖ్యం. 50 ఎంఎల్ సిరంజిలో బీపీ పెంచే నార్‌అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు ఉంది, 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి 0.1 మైక్రోగ్రామ్ కావాలి, పంపు గంటకి ఎంత మీద పెట్టాలి? 4.5 ఎంఎల్ అని కాగితం లేకుండా చెప్పగలగాలి. హెపారిన్ వయల్ ఎంఎల్‌కి 1000 యూనిట్లదీ ఉంటుంది, 5000 యూనిట్లదీ ఉంటుంది. రెండూ 5 ఎంఎల్ సీసాలే, పక్కపక్కన పెడితే ఏదో ఒక రాత్రి ఎవరో ఒకరు ఒకటనుకుని ఇంకోటి లాగుతారు. పొటాషియం క్లోరైడ్ 15 శాతం ఆంపుల్ 10 ఎంఎల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి, నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఈ రెంటినీ వార్డు అల్మరాలో విడదీసి పెట్టించి, ఎర్ర లేబుల్ అంటించడం ఎవరూ మెచ్చుకునే పని కాదు. కానీ నైట్ డ్యూటీ సిస్టర్లు మిమ్మల్ని నమ్మడం అక్కడే మొదలవుతుంది. సిస్టర్లు నమ్మాక డాక్టర్లు నమ్మడానికి ఎక్కువ కాలం పట్టదు.

మీ ఇంటర్న్‌షిప్ ఏడాదిలో కార్డియాలజీ, సీసీయూ, వీలైతే నెఫ్రాలజీ పోస్టింగులు అడిగి తీసుకోండి. గుండె రోగుల్లో సగం సమస్య కిడ్నీ దగ్గర తేలుతుంది. ప్రతి రోగికీ క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కగట్టండి, రిపోర్టులో కనిపించే క్రియాటినిన్ 1.2 చూసి ఊరుకోకండి. 45 కిలోల డెబ్బయ్యేళ్ళ మనిషికి ఆ 1.2 అంటే కిడ్నీ పని సగం కూడా లేదని అర్థం. డిగాక్సిన్ వేసుకుంటున్నవాళ్ళలో ఇది ప్రాణం మీదికొస్తుంది, గుండె లయ సరిచేసే అమియోడరోన్ కలిపితే డిగాక్సిన్ మోతాదు సగం చెయ్యాలి. రక్తం పలచబడే కొత్త మందు ఎపిక్సబాన్ సంగతి కూడా చూడండి: వయసు 80 లేదా పైన, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా పైన, ఈ మూడింటిలో రెండు ఉంటేనే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో 2.5 మిల్లీగ్రాములకి తగ్గించాలి. మనవాళ్ళలో 60 కిలోలకి లోపు బరువు మామూలే. బరువు ఒక్కటే చూసి తగ్గించేసిన చీటీలు నేను లెక్కలేనన్ని చూశాను, ఆ రోగులకి పక్షవాతం నుంచి రక్షణ సరిగ్గా అందదు.

ఈసీజీ మొత్తం చదవడం రాకపోయినా క్యూటీ విరామం (ఇది మరీ సాగితే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు) కొలవడం నేర్చుకోండి. అమియోడరోన్ మీద ఉన్నవాళ్ళకి దగ్గని అజిత్రోమైసిన్, వాంతులని ఆండన్‌సెట్రాన్ పడినప్పుడు ముందుగా గమనించాల్సింది మీరే. ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె పంపింగ్ శాతం), వాల్వ్ సంగతి చదవగలగాలి. రోజూ ఒక రోగిని పూర్తిగా తీసుకుని నోటుబుక్కులో రాయండి: ఏ జబ్బుకి ఏ మందు, మోతాదు సరేనా, ఏ పరీక్ష ఎప్పుడు చూడాలి, ఇంటికెళ్ళాక ఏది తప్పుతుంది. ఏడాదికి మూడొందల కేసులవుతాయి. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు రిపోర్టు ఎవరూ తెరవరు. నా టీమ్‌లోకి మనిషిని తీసుకునేటప్పుడు నేను మాత్రం ఆ నోటుబుక్కే అడుగుతాను.

ఉద్యోగంలో చేరాక చేసిన ప్రతి సూచననీ రాసిపెట్టండి: ఎవరికి, ఏం చెప్పారు, డాక్టరు ఒప్పుకున్నారా, తర్వాత ఏమైంది. నేను మొదటి రెండేళ్ళు ఇది చెయ్యలేదు. జీతం పెంచమని అడిగినప్పుడు "మీ వల్ల ఆసుపత్రికి ఏమొచ్చింది?" అంటే చెప్పడానికి ఒక్క కాగితం లేదు. ఆ తర్వాత నెలనెలా ఒక పేజీ నివేదిక మెడికల్ సూపరింటెండెంట్‌కి పంపడం మొదలుపెట్టాను. యాజమాన్యం ఇంకా అనుమానపడితే చూపించడానికి రెండు పాత అధ్యయనాలున్నాయి, రెండూ 1999వే. ఐసీయూ రౌండ్స్‌లో ఫార్మసిస్టు ఉంటే నివారించగలిగిన మందుల హాని 66 శాతం తగ్గిందని ఒకటి, హార్ట్ ఫెయిల్యూర్ టీమ్‌లో ఫార్మసిస్టు చేరితే చావులూ జబ్బు ముదరడమూ కలిపి తగ్గాయని ఇంకోటి, 181 మంది రోగులతో చేసింది.

జీతం దాచి చెప్పను. నేను చూసినంతలో హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో కొత్తవాళ్ళకి పదిహేను నుంచి ఇరవై వేల మధ్య ఇస్తున్నారు. మీ ఇంట్లోవాళ్ళ బాధలో న్యాయం ఉంది. ఫార్మకోవిజిలెన్స్ కంపెనీలో మీ స్నేహితురాలు మొదటి రోజు నుంచే ఎక్కువ తీసుకుంటుంది. నాలుగైదేళ్ళు ఒకే చోట నిలబడి, పైన చెప్పినట్టు ఒక పనికి మీరే ఆధారమయ్యాక తేడా తగ్గుతుంది, కానీ ఆ నాలుగైదేళ్ళు గట్టిగానే ఉంటాయి. ఇంటి మీద అప్పు ఉంటే, తమ్ముడి ఫీజు మీ జీతం మీదే ఆధారపడితే, ముందు కంపెనీలో చేరండి. అందులో తలొంచుకోవాల్సిందేమీ లేదు. మధ్యే మార్గం ఒకటుంది: భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, దాని కింద మెడికల్ కాలేజీల్లో ఉన్న కేంద్రాల్లో ఫార్మకోవిజిలెన్స్ అసోసియేట్‌గా చేరితే వార్డులకి దూరం కాకుండానే జీతం వస్తుంది. బోధన ఇష్టమైతే ఫార్మసీ ప్రాక్టీస్ లెక్చరరుగా చేరి ఆసుపత్రిలో విద్యార్థుల్ని తిప్పే పని కూడా ఉంది, కానీ అందులో రోగి బాధ్యత మీ చేతికి రాదు. అందుకే నేను వెళ్ళలేదు.

సర్టిఫికెట్ల గురించి. అమెరికాలోని బోర్డ్ ఆఫ్ ఫార్మసీ స్పెషాల్టీస్ కార్డియాలజీకి విడిగా పరీక్ష పెడుతోంది, మొదటి పరీక్ష 2018లో జరిగింది. బీసీసీపీ అంటారు. ఏడేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి కూర్చోవాలంటే గుండె రోగులతో పనిచేసిన అనుభవం చూపించాలి, చదువు పూర్తవగానే రాసే పరీక్ష కాదది. ముందు మూడు నాలుగేళ్ళు పనిచెయ్యండి, అప్పుడు పుస్తకంలోని ప్రతి ప్రశ్న వెనకా మీకు ఒక రోగి మొహం కనపడుతుంది. "పదిహేను రోజుల్లో కార్డియాలజీ ఫార్మసిస్టు" అని డబ్బులు తీసుకుని ఆన్‌లైన్‌లో ఇచ్చే కాగితాలకి నేను విలువ ఇవ్వను. కార్డియోపల్మనరీ రిససిటేషన్ (సీపీఆర్) శిక్షణ, గుండె ఆగినప్పుడు చేసే చికిత్స నేర్పే ఏసీఎల్‌ఎస్ మాత్రం తప్పకుండా చెయ్యండి. సీసీయూలో కోడ్ బ్లూ (గుండె ఆగిందన్న అత్యవసర పిలుపు) వచ్చినప్పుడు ఎడ్రినలిన్ ఎన్ని నిమిషాలకోసారి ఇవ్వాలో, అమియోడరోన్ మొదటి మోతాదు ఎంతో తెలిసిన మనిషిని ఎవరూ పక్కకి తప్పుకోమనరు.

విదేశాలకు వెళ్ళాలనుకుంటే తొందరగా నిర్ణయించుకోండి, ఎందుకంటే దారులు వేరు. అమెరికాకి విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళకి పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లిషుకి టోఫెల్, తర్వాత లైసెన్స్ పరీక్ష నాప్లెక్స్, ఆపైన గుండె విభాగంలో ఎదగాలంటే రెండేళ్ళ రెసిడెన్సీ. బ్రిటన్‌కి విదేశీ ఫార్మసిస్టుల కోసం ఉన్న ఓస్పాప్ కోర్సు, ఏడాది శిక్షణ, రిజిస్ట్రేషన్ పరీక్ష. అక్కడ అదనపు అర్హత సంపాదించిన ఫార్మసిస్టు తానే మందు రాయగలడు, హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్ సొంతంగా నడపగలడు. మన దేశంలో మనకి రాసే అధికారం లేదు, సూచించడమే. ఈ తేడా కొంతమందిని బాగా బాధపెడుతుంది. నన్ను కూడా కొన్నాళ్ళు బాధపెట్టింది. కానీ మా ఓపీలో అసిట్రాం మోతాదు ఏం చెయ్యాలో డాక్టరు నన్ను అడిగి రాస్తున్నప్పుడు, సంతకం ఎవరిదన్న బాధ క్రమంగా పోయింది. ఇంకో చిన్న మాట: ఫార్మ్‌డి చేశాక పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలా అని మీ క్లాసులో వాదనలు జరుగుతుంటాయి. రోగి దగ్గర మాత్రం "నేను క్లినికల్ ఫార్మసిస్టుని, మీ మందుల సంగతి చూసేది నేను" అని పరిచయం చేసుకోండి. రోగికి ఎవరు ఎవరో తెలియాలి, అది అతని హక్కు.

ఇప్పుడు మీ చివరి వాక్యం. నోరు పెగలకపోవడానికి కారణం మీకు తెలియకపోవడం కాదు, ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకోకపోవడం. రౌండ్స్ తొమ్మిదింటికైతే మీరు ఏడున్నరకి వార్డులో ఉండండి. రాత్రి ల్యాబ్ రిపోర్టులు చూడండి, డ్రగ్ చార్టు చూడండి, సిస్టర్‌ని అడగండి, రోగితో రెండు నిమిషాలు మాట్లాడండి. ఇరవై మందిలో చెప్పాల్సిన విషయం ఒకరిద్దరి దగ్గరే దొరుకుతుంది. అవి మాత్రమే చెప్పండి. "మందుల మధ్య ఇంటరాక్షన్ ఉంది సార్" అంటే ఎవరూ వినరు, యాప్ తెరిస్తే ప్రతి చీటీలోనూ పది కనిపిస్తాయి. రోగికి ఏం జరగబోతోంది, మీరు ఏం చెయ్యమంటున్నారు అన్నది చెప్పాలి. డాక్టరు తప్పు చేశారన్నట్టు కాకుండా, నిర్ణయం ఆయనకే వదిలేస్తూ, అంకెలతో చెప్పాలి. బెడ్ దగ్గర రోగి బంధువుల ముందు చెప్పేది కాకపోతే నాలుగడుగులు పక్కకి వచ్చాక చెప్పండి. ఒప్పుకోకపోతే కారణం అడిగి రాసుకోండి, చాలాసార్లు మీకు కనపడనిది ఆయనకి కనపడి ఉంటుంది. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం వదలకండి, మళ్ళీ చెప్పండి, అవసరమైతే పై డాక్టరుకి చెప్పండి.

మాట ఎలా ఉండాలో ఒకటి రాసిస్తాను. రేపు మీ వార్డులో ఇలాంటి రోగి దొరికితే ఇదే చెప్పండి: "సార్, 7వ బెడ్ పేషెంట్‌కి పొటాషియం నిన్న 5.1, ఇవాళ 5.7. క్రియాటినిన్ 1.3 నుంచి 1.9కి వచ్చింది. రామిప్రిల్‌తో పాటు స్పైరోనోలాక్టోన్ 25 నడుస్తోంది, ఇంటి నుంచి కొబ్బరి నీళ్ళు కూడా తెస్తున్నారు. ఇవాళ్టికి స్పైరోనోలాక్టోన్ ఆపి, ఈసీజీ తీయించి, సాయంత్రం మళ్ళీ పొటాషియం చూద్దామా సార్?"